నేను దాటేసిన ఆరు వరసలు

సినిమా తీయాల్సిన బతుకులు మా వైపు చాలా ఉన్నాయని, తీసేవాళ్ళకు దారి తెలియదంతే అని నేను ఎన్నోసార్లు అన్నాను. అన్నదాన్ని ఊరుకోకుండా హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సినిమా ఆయనకు దారి కూడా చూపించాను. అందుకే ఈ ప్రయాణం చేయాల్సి వచ్చింది.

మాది రాజుపాలెం దగ్గర పల్లె, జీవాలు మేపుకునే ఇల్లు. మా ఇళ్ళల్లో నా వయసు వాళ్ళు చాలామంది ఓబుళమ్మవ్వ చేతుల్లో పుట్టినవాళ్ళే. ఆమె మంత్రసాని. మందలు మేతకు దూరం పోతే చూలింతలు కూడా వెంట నడిచే కాలం అది. చేను గట్టున నొప్పులొస్తే చేను గట్టునే కాన్పు. ఒకసారి పెన్న పారుతుంటే ఎద్దు తోక పట్టుకుని అవతలి గట్టుకు ఈది, అడ్డం తిరిగిన బిడ్డను తిప్పి, తల్లినీ బిడ్డనూ దక్కించింది. ఎవరినీ ఏమీ అడగలేదు. పెట్టిన జొన్నలు కొంగులో పోసుకుని వచ్చింది. ఇప్పుడు పులివెందుల పక్కన ఒక పల్లెలో చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటోంది.

సినిమా ఆయన పోయిన ఎండాకాలం ఆమెను మా పల్లెకు పిలిపించి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి, చెప్పిందంతా రెండు రోజులు రికార్డు చేసుకున్నాడు. చివర్లో నాలుగు పేజీల కాయితం తీశాడు. అవ్వకు చదువు రాదు. "పుల్లమ్మ సదివితే సాలు" అంది. నాకు యాభై రెండో ఏట సాయంత్రం బడిలో చదువు వచ్చింది. ఊర్లో అందరి కాయితాలూ నేనే చదువుతాను. పదిమంది చుట్టూ కూర్చుని చూస్తుండగా గట్టిగా చదివాను. మూడో పేజీలో ఆరు వరసలు చీమల్లాంటి అచ్చు, అన్నీ ఆఫీసు మాటలు. నోరు తిరగలేదు. రాదని చెప్పడానికి సిగ్గేసింది. గొంతు ఆగకుండా కింద పెద్దక్షరాలకు దూకేశాను. అవ్వ వేలిముద్ర వేసింది. దాని కింద నేను సంతకం పెట్టాను.

మొన్న బుధవారం ఆయన ఫోన్ చేశాడు. "అమ్మా, శుక్రవారం కెమెరాతో వస్తున్నామండి. అవ్వగారు చెప్పిన పేర్లను బట్టి ఆ ఊళ్ళకి వెళ్ళి, ఆ తల్లుల్నీ పిల్లల్నీ కలుస్తాం."

"అసలు పేర్లు యాడా వాడం అని మీరే చెప్పినారు కద సార్?"

"అది మాటల్లో అనుకున్నామండి. తర్వాత కాయితంలో ఉన్నదే కదా. మీరే చదివారుగా."

ఫోన్ పెట్టేశాక పెట్టెలో దాచిన ఆ కాయితం జిరాక్స్ వెతికి తీశాను.

గురువారం పొద్దున ఆరుంబావుకు ఆటో ఎక్కాను. ప్లాస్టిక్ సంచిలో ఆ కాయితం జిరాక్స్ ఉంది. ప్రొద్దుటూరు బస్టాండులో ఏడింటికి జమ్మలమడుగు పల్లెవెలుగు బయలుదేరింది. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు గానీ ఆధార్ కార్డు చూపించాలి. నేను సంచంతా వెతుకుతుంటే కండక్టరు "నింపాదిగా తీమ్మా, బస్సు యాడికీ పోదు" అన్నాడు. బస్సు అప్పటికే పోతోంది.

నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఫోన్లో ఎవురో ఏందో పెట్టినారంట మే, ఆ పిల్ల గురించి. నిజమో అబద్ధమో. అత్తగారోళ్ళు ఆ పొద్దే పంపించినారు."

"ఇప్పుడు యాడుండాది?"

"పుట్టింట్లో. వాకిట్లోకి గూడా రాదంట."

వాళ్ళు మామూలుగానే చెప్పుకుంటున్నారు. నేను కాయితం ఉన్న సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. కిటికీ బయట శనగ చేలు పోతున్నాయి. నేను చూడలేదు.

ఎనిమిదింటికి జమ్మలమడుగులో దిగాను. అక్కడ ఉగ్గాని బజ్జీ బాగుంటుందని అందరూ అంటారు, మీరు పోతే తినండి. నేను టీ నీళ్ళు మాత్రం తాగి, మా రమాదేవి టీచరు ఇంటికి నడిచాను. పూజారి ఇంటి కోడలు ఆమె. మా పల్లె బడిలో పనిచేసేటప్పుడు మాకు సాయంత్రం బడి పెట్టి అక్షరాలు నేర్పింది. తులసికోట కడుగుతూ నన్ను చూసి నవ్వింది. "ఏంది పుల్లమ్మా, పొద్దున్నే పరీక్షకొచ్చినట్టు వచ్చినావు?"

కాయితం ఇచ్చి మూడో పేజీ చూపించాను. ఆమె అద్దాలు పెట్టుకుని ముందు మనసులో చదువుకుంది. మొహంలో నవ్వు పోయింది. తర్వాత పైకి చదివింది. "సదరు కథనములో చెప్పబడిన వ్యక్తుల పేర్లు, ఊర్లు, బంధుత్వములు మార్పు లేకుండా వాడుకొనుటకును, అవసరమైన చోట ఆ వ్యక్తులను స్వయముగా చూపుటకును సమ్మతించడమైనది."

"అంటే?"

"అంటే ఎవురు ఎవురికి పుట్టినారో అవ్వే వేలు పెట్టి చూపిస్తాది అని."

అవ్వ ఆయనకు చెప్పిన వాటిలో ఒక కథ ఉంది, పేర్లు లేకుండా తర్వాత నాకూ చెప్పింది. ఒకే రోజు రెండు కాన్పులు. గొర్రెల దొడ్లో పెళ్ళి కాని పిల్లకు బిడ్డ పుట్టింది. ఊర్లో ఇంకొక ఇల్లాలికి పుట్టిన బిడ్డ ఏడవలేదు. అవ్వ ఈ బిడ్డను ఎత్తుకుపోయి ఆ ఇల్లాలి పక్కలో పడుకోబెట్టింది. ఆమెకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ బిడ్డ మనవళ్ళను ఎత్తుకునే మనిషి. ఆ రెండు ఇళ్ళ వాకిట్లో కెమెరా నిలబడితే ఏమవుతుందో మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

టీచరు ఇంకా చదువుతోంది. "కింద ఇది చూడు. 'పై విషయములన్నియు చదివి వినిపించగా విని, అర్థము చేసుకుని వేలిముద్ర వేసినది.' దాని కింద నీ సంతకం ఉండాది."

"చదవలేదు టీచరమ్మా. ఆ ఆరు వరసలు దాటేసినా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నాకు రాదు అనే మాట నేర్పకుండానే మీకు చదువు చెప్పినట్టుండా" అంది. కాయితం మడిచి నా చేతిలో పెట్టి, "ముందు అవ్వకు చెప్పు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వద్దని రాసియ్యండి. నేను రాసిస్తే నీ తప్పు నీది కాకుండా పోతాది. నువ్వే రాయి" అంది. మధ్యాహ్నం తినడానికి అరిటాకులో చిత్రాన్నం కట్టిచ్చింది.

పది ఇరవైకి ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు దొరికింది. బస్సు నిండా ఆడవాళ్ళే. నిలబడిన పెద్దాయన ఒకడు గొణిగాడు. "ఆడోళ్ళకు టికెట్ లేదనగానే బస్సంతా పుట్టినిల్లయిపాయ. మాకేమో నిలబడేదానికి దుడ్లు తీసుకుంటాండారు."

"ఇన్నేండ్లు మేం నిలబడితిమి గదప్పా, నువ్వు ముద్దనూరు దాకా నిలబడలేవా?" అంది ముందు సీటావిడ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను, రాలేదు.

బస్సు పెన్న దాటుతుంటే కిందికి చూశాను. ఈ ఏటిలోనే కదా ఆమె ఎద్దు తోక పట్టుకుని ఈదింది. అంత మనిషిని నేను ఆరు వరసలతో ముంచాను అనిపించింది. తొండూరు దాటే దాకా ఒకటే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను, అవ్వకు మొదటి మాట ఏం చెప్పాలని. ప్రతిసారీ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. మధ్యలో ఫోన్ మోగింది. సినిమా ఆయనే అనుకుని తీయలేదు. చూస్తే మా ఇంటాయన.

పన్నెండున్నరకు పులివెందుల. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఇరవై నిమిషాలు, రెండు పక్కలా అరటి తోటలు, మా వైపు చీనీ అనే బత్తాయి చెట్లు. అవ్వ పంచలో కూర్చుని చింతకాయలు దంచుతోంది. నన్ను చూడగానే "ఏం మే, సినిమా హీరోయిన్ని చూడను వచ్చినావా? తెల్ల చీర కట్టుకోమన్న్యాడంట ఆయప్ప. నేనేమన్నా చచ్చినానా తెల్లది కట్టుకోను!" అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

నేను నిలబడే చెప్పేశాను. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

ఆమె రోకలి పక్కన పెట్టింది. "ఆ పొద్దు నీ గొంతు దూకింది మే. నాకు తెలిసినాది. గొర్రె గోడ దూకితే మందలో తెలియదా?"

"మరి అడగలేదేమవ్వా?"

"నాకు పనికిరానిది దాటినావు అనుకుంటి. సదువుకున్నదానివి, నీకు తెలుస్తాది గదా అనుకుంటి."

నేలమీదే కూర్చున్నాను. నేను ఏడుస్తుంటే ఆమె దంచిన చింతకాయలు గిన్నెలోకి తీసుకుంది. "అయినా ఏం కాదులే. మంత్రసాని నోట అసలు పేరు వస్తాదా? బొడ్డు కోసి మావి పూడ్చేటప్పుడే ఆ ఇంటి మాట గూడా ఆ గుంతలోనే పూడ్చాల. ఆయప్ప అడగతాంటే నోటికొచ్చిన పేర్లు చెప్తి. నోటికొచ్చిన ఊరు చెప్తి" అంది.

ఎంత తేలికయిందో చెప్పలేను. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నాను. టీచరు కట్టిచ్చిన పొట్లం విప్పాను. ఇద్దరం తలా పిడికెడు తిన్నాం. తింటూ ఊరికే అడిగాను.

"ఏం పేరు చెప్పినావవ్వా, గొర్రెల దొడ్లో కన్న ఆ తల్లికి?"

"గంగమ్మ."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అవ్వా, ఆ ఊర్లో గంగమ్మ లేదంటావా?"

అవ్వ నమలడం ఆపింది. గంగమ్మ లేని ఊరు మా వైపు ఎక్కడుంది? ఒక్కో ఊర్లో నలుగురుంటారు. రేపు కెమెరా వాళ్ళు ఆ ఊర్లోకి పోయి, వయసు లెక్క చూసుకుని, ఏ పాపమూ ఎరగని ఒక గంగమ్మ వాకిట్లో నిలబడి "నీ మొదటి బిడ్డ ఎక్కడ?" అని అడుగుతారు. ఆమె మొగుడు వింటాడు. కొడుకులు వింటారు.

ఎద్దు తోక పట్టుకుని ఏరు ఈదిన మనిషి తినేది వదిలేసి లేచింది. "రాయి మే" అంది. "తొందరగా రాయి."

ఆ ఇంటి పిల్లల నోటు పుస్తకంలో కాయితం చించి రాశాను. మొదట అవ్వ మాట రాశాను. నేను చెప్పిన పేర్లు నిజం కాదు, ఎవరి వాకిట్లోకీ పోవద్దు, నా కథలో నేను తప్ప ఎవరూ వద్దు అని. తర్వాత నా మాట. మూడో పేజీలో ఆరు వరసలు నేను చదవలేదు. చదివి వినిపించినట్టు పెట్టిన సంతకం అబద్ధం. నాకు చదవను రాక దాటేశాను. ఈ నాలుగు ముక్కలకు ముప్పావు గంట పట్టింది. అవ్వ తిరిగి చదివించుకుంది. ఒక్కో వరస మీద వేలు పెట్టి, "ఇది అయిపాయనా? ఇప్పుడు ఇది" అని వరస వరసా అడిగింది. ఏదీ వదలనియ్యలేదు. అప్పుడు వేలిముద్ర వేసింది.

మూడున్నరకు పులివెందులలో జిరాక్స్ అంగట్లో దాన్ని ఫోటో తీయించి సినిమా ఆయన వాట్సాప్‌కు పంపించాను. అసలు కాయితం పోస్టాఫీసులో రిజిస్టరు చేశాను. నాలుగింటికి ఆయన చూసినట్టు ఫోన్లో గీతలు నీలంగా మారాయి. జవాబు లేదు. బస్టాండులో నలభై నిమిషాలు ఆ గీతలనే చూస్తూ కూర్చున్నాను. పక్కన మైసూరుబజ్జీలు వేయిస్తున్నారు, వాసన కూడా పట్టలేదు.

నాలుగు నలభైకి వేంపల్లె, వీరపునాయునిపల్లె, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సు ఎక్కాను. వేంపల్లె దాటాక ఫోన్ వచ్చింది.

"చూశానమ్మా. రేపు ఏ ఊరికీ వెళ్ళం" అన్నాడాయన. ఆగి, "కాయితం నా ఒక్కడి చేతిలో లేదండి. పైవాళ్ళతో మాట్లాడాలి. ఏమంటారో తెలీదు" అన్నాడు.

"మాట్లాడండి సార్. మళ్ళీ ఏ కాయితమైనా చదివేది నేను కాదు, టీచరు ఉంటాది" అన్నాను.

రేపటి గండం తప్పింది. ఆ పైది తెలియదు. మీరెవరైనా ఈ దారిన పోతే పొద్దున బస్సుకు పోండి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. తోటలు చల్లగా ఉంటాయి, మనుషులు చోటిస్తారు. నాకు ఆ రోజు కనబడింది మాత్రం ఊరూరా ఒక గంగమ్మ. వీరపునాయునిపల్లె స్టేజీలో ఎక్కిన ఆడవాళ్ళను చూసినా, వీళ్ళల్లో ఎవరి పేరు అదోనని భయపడ్డాను.

ఎర్రగుంట్ల దగ్గర నా పక్కన కూర్చున్నామె నా సంచిలో కాయితాలు చూసి, రవికెలో నుంచి మడత పెట్టిన చీటీ తీసింది. "సదువుకున్నదాని మాదిరుండావు. ఇది పొద్దుటి నుంచి పెట్టుకోనుండా. మా ఆయనకు ఆసుపత్రిలో రాసిచ్చినారు. ఏముందో చూడక్కా."

తీసుకున్నాను. వరస కింద వేలు పెట్టి పైకి చదివాను. రెండు పూటలా తిన్నాక ఒకటి అని ఉంది. ఉప్పు తగ్గించాలని ఉంది. నాలుగో వరస దగ్గర వేలు ఆగింది. చెవులు వేడెక్కాయి. వెనక సీటు వాళ్ళు కూడా తల ముందుకు పెట్టి వింటున్నారు.

"ఈ వరస నాకు రాదమ్మా" అన్నాను. "ఇది ఇంకొకరితో చదివించుకో. మరిచిపోవద్దు, నాలుగో వరస."

ఆమె చీటీ తీసుకుని, ఆ వరస మీద గోరుతో గట్టిగా గీత గీసుకుంది.