గాలిగొట్టం లోపలి పొర

ఫార్మసీ చదివేటప్పుడు ప్రయోగం ఉన్న రోజు మటన్ దుకాణం నుంచి మేక గాలిగొట్టం తెచ్చేవాణ్ణి. అది ఇంకా వెచ్చగా ఉండేది. ఉంగరాలుగా కోసి, సగం ఉంగరాల లోపలి పొరను దూది చుట్టిన పుల్లతో గీకేయాలి. తర్వాత అన్నింటినీ ఉప్పునీళ్లలో వేలాడదీసి, ముందు కండరం బిగిసే మందు, ఆ మీదట వదులయ్యే మందు వేసేవాళ్లం. పొర ఉన్నవి చక్కగా వదులయ్యేవి. గీకినవి మొండికేసేవి. కండరం అదే, మందు అదే. వదులవమని కండరానికి కబురు పంపే పొర కణాలే లేవు.

ఆ చలికాలం గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వెళ్లేసరికి, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా బాపు మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. పీల్చే మందు రెండుసార్లు కొట్టినా ఛాతీ వదల్లేదు. కిటికీ కింద పక్కింటి కాక బొగ్గుల పొయ్యి రాజేస్తున్నాడు. పసుపు పొగ గదంతా నిండింది.

పొయ్యిని తన్నాను. నిప్పులు కాక కాళ్ల మీద పడ్డాయి.

"మా బాపును సంపుతవా కాకా?"

"ఏందిరా, సదువు నెత్తికెక్కిందా?" అంటూ ఆయన పట్టకారుతో నా దవడ మీద కొట్టాడు. నోరంతా రక్తం. నేను ఆయన గొంతు పట్టుకున్నాను. బొటనవేలి కింద గాలిగొట్టం ఉంగరాలు ఒక్కొక్కటిగా తగిలాయి. అయినా వదల్లేదు.

బాపు గోడ పట్టుకుని బయటికొచ్చి చెప్పుతో నా వీపు మీద కొట్టాడు.

"ఇడువ్‌రా... నేనే... పెట్టుమన్న."

బొగ్గు సెగ తగిలితే కఫం కరుగుతుందని ఆయన నమ్మకం. బొగ్గుతో బతికిన మనిషి, దాన్ని అనుమానించడు. వారం నుంచి పొద్దుమాపు పెట్టించుకుంటున్నాడట. ఆయన గొట్టం లోపల ఏముందో నేను చూడలేదు. కానీ ఆ పొగ పొరను దెబ్బతీస్తుందని తెలుసు. మేం ఆ దెబ్బతిన్న పొర మీదే మందు కొడుతున్నాం.

కాలిన కాళ్లతో కాకే బండి తీశాడు. మధ్యలో బాపు, వెనక నేను. దవాఖానలో మాస్కు పెట్టిన చాలాసేపటికి ఛాతీ కొంచెం వదిలింది. బాపు మాస్కు పక్కకు లాగి, "కాక కాళ్లు మొక్కు" అన్నాడు.

బొబ్బలకు చెయ్యి తగలకుండా మొక్కాను.

"ఇగ పొయ్యి పెట్టకు కాకా."

"మీ బాపు అడిగితె?"

"అడుగుత" అన్నాడు బాపు మాస్కులోంచి.

మరునాడు పొద్దున ఆ రేకు పొయ్యిని సుత్తెతో అణగగొట్టాను. అది దొర్లిపోకుండా కాకే పట్టుకున్నాడు.