పేరు లేని గడి

ఈ ఉదయం తెల్లాపూర్‌లోని మా ఫ్లాట్‌కు వంశవృక్షం పటం తగిలించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ గోడకు డ్రిల్లు పెడుతూ, "గివన్నీ ఎవరి పేర్లు సార్?" అని అడిగాడు. చెప్పడం మొదలుపెడితే అతని పూట పని పోతుందని ఊరుకున్నాను. మీకు చెబుతాను.

మా కోడలు ఆంగ్లో ఇండియన్. సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో పెరిగిన వాళ్లమ్మ, అంటే మా వియ్యపురాలు, నాలుగేళ్లుగా మాతోనే ఉంటోంది. "మనం హ్యూగెనాట్లం" అని ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పిందట. ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటు మతాన్ని నిషేధిస్తే, ఇళ్లూ మగ్గాలూ వదిలి సముద్రం దాటి పారిపోయినవాళ్లు హ్యూగెనాట్లు. లండన్ చేరినవాళ్లలో పట్టు నేతగాళ్లు చాలామంది. వాళ్ల సంతతిలో కొందరు ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కి మద్రాసు వచ్చారు. ఈ కథ విని వియ్యపురాలి తమ్ముడు యాభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. నిరుడు వానాకాలంలో ఆవిడ, "నా ఎనభయ్యో పుట్టినరోజుకు వాని ముందట ఒక్క కాయితం పెట్టాలె అన్నయ్యగారూ, నాయనమ్మ అబద్ధం చెప్పలేదని" అంది.

నలభై ఏళ్లు డైరీలు రాసినవాణ్ణి, నాకింతకంటే ఏం కావాలి? స్కేలు పెట్టి ఆవిడ వంశవృక్షం గీశాను. తండ్రి, తాత, ముత్తాత. పాత చర్చి రిజిస్టర్ల నకళ్లు కంప్యూటర్లో తిరగేస్తూ రెండు నెలలు ఆవిడ తండ్రి ఇంటిపేరు వెంటే పడ్డాను. చివరికి అది ఇంగ్లండులో ఒక పశువుల కాపరి దగ్గర ఆగింది. ఫ్రాన్సు వాసనే లేదు. ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే ఆవిడే కళ్లజోడు పెట్టుకుని కాగితం మీదకు వంగింది.

"ఏంది ఇది? మగోళ్లకే పేర్లు, పక్క గడిల ఉత్త 'భార్య' అని రాసిన్రు!"

"మా ఇళ్లలో అలాగే రాస్తామండీ."

"నాకా మాట చెప్పింది మా తాత గాదు, గీ 'భార్య'నే!"

సిగ్గుతో రబ్బరు అందుకున్నాను. వాళ్ల నాయనమ్మ పెళ్లి రిజిస్టరు నకలులో ఆమె పుట్టింటి పేరు దొరికింది. అక్కణ్నుంచి మద్రాసు, మద్రాసు నుంచి లండన్. సాయంత్రం నానక్‌రామ్‌గూడ ఆఫీసు నుంచి రాగానే కోడలు కాళ్లు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చునేది. ఒక ఆదివారం లండన్‌లోని ఫ్రెంచి చర్చి బాప్తిస్మాల పేజీ తెరుచుకుంది. అదే ఇంటిపేరు, తండ్రి పట్టు నేతగాడు, పాపకు బాప్తిస్మం. నేను పెట్టిన కేకకు పక్క ఫ్లాటువాళ్లు బెల్లు కొట్టారు.

పుట్టినరోజున తమ్ముడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "గయితే మనం సాలోళ్లమా అక్కా?" అన్నాడు.

"అవ్ రా. ఇగ ఎంతన్న నవ్వు, అబద్ధమని మాత్రం అనకు."

అతను నవ్వలేదు. నాయనమ్మ పేరు మీద వేలుంచి, "మనతోటి ఇంకేమేం చెప్పింది, యాదికుందా?" అని అక్క పక్కన కుర్చీ లాక్కున్నాడు.

నేను లోపలికి వెళ్లి, కూకట్‌పల్లిలో ఉన్న మా అక్కకు ఫోను చేశాను, మా అమ్మమ్మ తల్లి పేరేమిటని అడగడానికి. కాగితాలు మనం అడిగేదాకా ఓపిగ్గానే ఆగుతాయి. చెప్పేవాళ్లే అంతసేపు ఆగలేరు.