చెల్లెలి చేతి కుట్టు

ఆ బళ్ళో మేడమీద చివరి గది కుట్టు గది. పొడుగు బల్లలు, గోడవారగా మిషన్లు, కిటికీ దగ్గర ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే ఆవిడను హెడ్మాస్టరు మొదలు వాచ్‌మన్ దాకా అందరూ కుట్టు టీచర్ అనే పిలుస్తారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది. బళ్ళో ఆడిన మాటలే మాటలు. ఇంటికెళ్ళి తాళం తీశాక నోరు విప్పే పని ఉండదు.

ఆదివారం మాత్రం చెల్లెలింటికి వెళ్ళేది. గుమ్మంలో కాలు పెట్టగానే మరిది, “వదిన వచ్చింది, బొత్తాలు ఊడిన చొక్కాలన్నీ బయట పెట్టండి” అనేవాడు. ఆవిడ నవ్వుతూనే సూది అడిగేది. భోంచేసి, చెల్లెలితో కబుర్లాడి, పొద్దు వాలాక వచ్చేది. వారంలో మనుషుల మధ్య గడిచే పూట అదొక్కటే.

చెల్లెలికి కుట్టు నేర్పింది ఆవిడే. చెల్లెలిది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుని నేర్పితే తడబడేది. అందుకని ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసి నేర్చుకున్నట్టు నేర్పింది. చెయ్యి బాగా కుదిరింది. ఒకటే తేడా: ఎడమచేత్తో అంచు మడిచి వేసిన హెమ్మింగులో కుట్లు అవతలి వైపుకు వాలతాయి. తొడుక్కునేవాళ్ళకు తెలియదు, కుట్టేవాళ్ళకు తెలుస్తుంది.

చెల్లెలి కూతురు ఆ బళ్ళోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాది చివర ప్రతి పిల్లా అంచు మడిచి, కాజాలు తీసి, జేబు వేసిన నమూనా గుడ్డ ఒకటి ఇవ్వాలి. ఇంటి దగ్గర కుట్టుకోవచ్చు. వంకరగా ఉన్నా ఫరవాలేదు, మీ చెయ్యే కావాలని టీచరు ఏటా చెప్పేది. పిల్లలు ఏటా తలలూపేవారు.

ఆ ఏడు గుడ్డలు దిద్దుతుంటే చెల్లెలి కూతురి గుడ్డ చేతికొచ్చింది. అంచు గీత గీసినట్టుంది. కుట్లన్నీ అవతలి వైపుకు వాలి ఉన్నాయి. ఆ పిల్లది కుడిచేతి వాటం.

గుడ్డ పక్కన పెట్టి మిగతావి దిద్దింది. మళ్ళీ తీసింది. మార్కులు వేసేస్తే అడిగేవాళ్ళు లేరు, ఆదివారాలు ఎప్పటిలాగే గడుస్తాయి. అడిగితే మాత్రం ఆ గుమ్మం తొక్కడం కష్టమే. చెల్లెలు మాట పడదు. పడితే ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుంటుంది.

మర్నాడు అందరూ వెళ్ళాక పిల్లను ఆపి, చిన్న గుడ్డముక్క చేతికిచ్చి, ఇక్కడే అంచు కుట్టమంది. ఆ పిల్ల నాలుగు కుట్లు వేసి ఆగిపోయింది.

“అమ్మ కుట్టింది పెద్దమ్మా. నాది బాగాలేదని విప్పేసి, తనే కుట్టింది.”

విప్పకుండా ఆ వంకర కుట్టే తెస్తే సరిపోయేదని టీచరు అంది. అక్కడే కూర్చోబెట్టి అంచు పూర్తి చేయించి, దానికే మార్కులు వేసింది. అవి గట్టెక్కడానికి సరిపోయాయి, అంతే.

ఆదివారం మామూలుగానే వెళ్ళింది. మరిది పేపరు పట్టుకుని లోపలికి పోయాడు. చెల్లెలు కూర్చోమనలేదు.

“అందరికీ అమ్మలే కుట్టిపెడుతున్నారు. నీకు నా కూతురే దొరికిందా అక్కా?”

“మిగతా అమ్మల చెయ్యి నాకు తెలియదు. నీ చెయ్యి తెలుసు.”

“తెలిస్తే మాత్రం? సొంత అక్కవి, చూసీ చూడనట్టు ఉండలేవూ?”

“పిల్ల కుట్టింది విప్పేశావట. నువ్వు నేర్చుకునేటప్పుడు నీది నేనెప్పుడైనా విప్పానా?”

చెల్లెలు తలనొప్పిగా ఉందని గదిలోకి వెళ్ళి పడుకుంది. టీచరు కాసేపు వసారాలో నిలబడి వచ్చేసింది. మళ్ళీ రమ్మని కబురు రాలేదు.

ఆ తర్వాత ఆదివారాలు చాలా పొడుగయ్యాయి. బట్టలుతికి, ఆరేసి, ఇస్త్రీ చేసుకున్నా ఇంకా పొద్దు మిగిలేది. బళ్ళో పద్ధతి మార్చింది. గుడ్డలు గదిలోనే కుట్టాలి, బీరువాలోనే ఉండాలి. తల్లులు కొందరు సణిగారు. పదో తరగతికొచ్చిన చెల్లెలి కూతురు అందరిలాగే టీచర్ అని పిలుస్తూ, వంచిన తల ఎత్తకుండా కుట్టేది. టీచరు పక్కన కూర్చుని ఆ పిల్ల వేలు సరిచేసేది. ఇంటి సంగతులు అడిగేది కాదు.

ఏడాది సగమయ్యేసరికి పిల్ల అంచు తిన్నగా వచ్చింది. ఇంట్లో చూపించి తెమ్మని టీచరే ఇచ్చి పంపింది. మర్నాడు ఆ పిల్ల గుడ్డ బల్లమీద పెట్టింది.

“అమ్మ నమ్మలేదు టీచర్. మీరే కుట్టిపెట్టారంటోంది.”

ఆవిడ గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. చెల్లెలిది తప్పు కాదు. కుట్టు అచ్చం తనదిలాగే ఉంది.

“అంచు కుట్టని ముక్క ఇంకోటి తీసుకెళ్ళు. అమ్మ చూస్తుండగా కుట్టు” అంది.

తన గురించి చెల్లెలు ఇంకేమైనా అందా అని అడుగుదామనుకుంది. ఆ పిల్ల అప్పటికే గుడ్డ సంచిలో పెట్టుకుని, మెట్లు దిగే పిల్లల్లో కలిసిపోయింది.