తొమ్మిది మూతిముద్రలు

కళ్ళెదుట నిలబడ్డ ఆవుని కాదని, దాని చెవికి వేలాడే అంకెనే మనిషి ముందు ఎందుకు నమ్ముతాడు? ఎన్ని పుస్తకాలు తిరగేసినా దీనికి సరైన జవాబు దొరకలేదు. ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. చెవులమ్మకి ఈ ప్రశ్న ఒకే ఒక్క రోజు ఎదురైంది. పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం మూడు దాటేదాకా ఆవిడ దానితో కుస్తీ పట్టింది.

చెవులమ్మ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. పశువుల శాఖలో తనిఖీ ఉద్యోగం. ఎవరి కొట్టంలో అడుగుపెట్టినా ముందు మనిషి మొహం చూడదు, ఆవు చెవి చూస్తుంది. "కూర్చోండమ్మా" అంటే, "దాని ఎడమ చెవి ఇటు తిప్పండి" అంటుంది. అందుకని ఆ పేరు వచ్చింది. పెళ్ళికి వెళ్ళినా చుట్టాల చెవుల వంకే చూస్తుందని, బిళ్ళ లేనివాళ్ళని పక్కన నిలబెడుతుందని జనం నవ్వుకునేవాళ్ళు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది.

చట్టమంటే ఆవిడకి కాగితం కాదు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, వాళ్ళ వీధిలో ఒకాయన జబ్బు చేసిన ఆవుని ఎవరికీ తెలియకుండా పక్కింటివాళ్ళకి అంటగట్టాడు. నెల తిరక్కుండా గాలికుంటు వీధి వీధంతా పాకింది. నోట్లో పుళ్ళు, గిట్టల్లో పుళ్ళు. దూడలు పిట్టల్లా రాలిపోయాయి. పెద్ద ఆవులు పాలెండిపోయి కబేళాకి పోయాయి. ఆ తర్వాత చాలా రోజులపాటు వాళ్ళమ్మ ఖాళీ కొట్టాన్ని పొద్దున్నే లేచి ఊడ్చేది. "అప్పుడు ఒక్కడంటే ఒక్కడు తనిఖీకి వచ్చుంటే" అనేది చీపురు ఆపి. ఆ ఒక్కడు చేయాల్సిన ఉద్యోగం కూతురు చేసింది, ఇరవై ఆరేళ్ళు.

ఇంకో అలవాటుంది ఆవిడకి. ఆవు మూతి మీది గీతలూ చుక్కలూ మన వేలిముద్రల లాంటివే. ఏ రెండు ఆవులకీ ఒకేలా ఉండవు. ప్లాస్టిక్ చెవిబిళ్ళలు రాకముందు శాఖవాళ్ళు మూతిముద్రలే తీసుకునేవాళ్ళు. బిళ్ళలు వచ్చాక అందరూ మానేశారు. ఆవిడ మానలేదు. "మానమని నాకెవరూ రాసివ్వలేదు కదా" అనేది. కొత్త ఆవుకి బిళ్ళ గుచ్చిన ప్రతిసారీ దాని తడి మూతిని పొడిగుడ్డతో తుడిచి, సిరా అద్ది, కాగితం మీద ముద్ర తీసుకుని, కింద బిళ్ళ అంకె రాసేది. ఆ కాగితాలన్నీ భర్త దగ్గరికి చేరేవి. ఆయనది పుస్తకాల బైండింగు కొట్టు.

"మహామహా పండితుల పుస్తకాలు కుట్టిన చేతులివి. చివరికి ఆవుల మూతులు కుట్టిస్తున్నావు కదే!" అనేవాడాయన.

"ఆ పండితుల పుస్తకాలు ఎవరైనా తెరిచి చూశారా?"

"నీవి మాత్రం చూస్తారేమిటి?"

పన్నెండు పుస్తకాలయ్యాయి. ఎవరూ తెరవలేదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి చెవులమ్మ పాలావిడ కొట్టానికి వెళ్ళింది. పాలావిడ ఒంటరి మనిషి. ఆవిడకి ఉన్న ఆస్తంతా తొమ్మిది ఆవులు. రోజూ రెండుపూటలా వాటిని పితికి వీధిలో నలభై గడపలకి పాలు పోస్తుంది. కొత్త రేకులు మెరుస్తున్న ఆ కొట్టంలో చెవులమ్మ చేతి యంత్రాన్ని మొదటి ఆవు చెవిబిళ్ళకి చూపించింది. ఎర్రలైటు వెలిగింది. రెండో ఆవు, ఎరుపు. తొమ్మిదీ ఎరుపే.

"ఎర్రలైటేమిటమ్మా?" అంది పాలావిడ.

"ఈ తొమ్మిదీ కట్టడి ప్రాంతం ఆవులట."

ఏటి అవతల ఏడు ఊళ్ళలో గాలికుంటు వచ్చి, నెల రోజులుగా కట్టడి పెట్టారు. అక్కడి పశువు గీత దాటకూడదు. దాటి ఎక్కడ దొరికినా దాన్ని అదే రోజు చంపి పూడ్చాలి. రక్తపరీక్ష ఫలితం రావడానికి నాలుగు రోజులు పడుతుంది. గీత దాటిన పశువుకి చట్టం అంత వ్యవధి ఇవ్వదు.

"ఏ కట్టడి ప్రాంతమమ్మా? ఇవి నా గుమ్మంలో పుట్టినవి! ఆ నల్లదానికి బిళ్ళ గుచ్చింది నువ్వు కాదూ? నీ చీర మీద ఉచ్చ పోసిందా లేదా?"

పోసింది. చెవులమ్మకి బాగా గుర్తుంది. ఆ నల్లదాని మొహమూ గుర్తుంది. అయినా చెయ్యి మాత్రం జప్తు పుస్తకం తీసి తొమ్మిది అంకెలూ వరసగా రాసింది. అంకెలు యంత్రంలోకి వెళ్ళాయి. అక్కడినుంచి ఆఫీసుకి వెళ్ళాయి. మూడింటికి బండి వస్తుందని జవాబు వచ్చింది.

పాలావిడ పాలచెంబు కింద పెట్టి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఒక్కసారి ఆ అంకెలు వదిలేసి నన్ను చూడవే అక్కా" అంది.

చెవులమ్మ చూడలేకపోయింది. బయటికి నడిచింది. గడప దాటుతూ ఎందుకో వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే నల్లావు ఈగని తోలుకోవడానికి చెవి విదిలించింది. చెవి వెనకవైపు కనపడింది.

చెవిబిళ్ళకి రెండు ముక్కలుంటాయి. ముందువైపు అంకె ఉన్న బిళ్ళ, వెనకవైపు దాన్ని పట్టి ఉంచే బొత్తాం. రెండూ ఒకే రోజు గుచ్చుతారు కాబట్టి ఎండకీ వానకీ రెండూ ఒకేలా వెలిసిపోవాలి. ఈ ఆవుకి ముందు బిళ్ళ వెలిసి తెల్లబడింది. వెనక బొత్తాం మాత్రం నిన్న కొన్నట్టు పచ్చగా నిగనిగలాడుతోంది.

చెవులమ్మ పరుగున లోపలికొచ్చింది. తొమ్మిది చెవులూ తిప్పి చూసింది. తొమ్మిదింటికీ అంతే.

"ఈ మధ్య ఇవి నీ కొట్టం దాటి ఎక్కడికైనా వెళ్ళాయా?"

"గాలికి రేకులు లేచిపోతే మూడు రోజులు పెద్ద షెడ్డాయన దగ్గర ఉంచాను. పాపం, ఆయనే పిలిచి మరీ చోటిచ్చాడు."

పెద్ద షెడ్డాయన పశువుల వ్యాపారి. చెవులమ్మకి సంగతి అర్థమైపోయింది. కట్టడి ఊళ్ళలో ఆవుల్ని కారుచౌకగా కొనొచ్చు, బయటికి అమ్మడమే కుదరదు. అమ్మాలంటే మచ్చలేని బిళ్ళలు కావాలి. కొన్న ఆవుల బిళ్ళలు ఊడదీసి జేబులో వేసుకుని తెచ్చాడు. పాలావిడ ఆవుల చెవుల్లో అవి తగిలించాడు. వీటి మంచి బిళ్ళలు తీసుకుపోయాడు. ఊడదీసేటప్పుడు బొత్తాం తెగక తప్పదు, అందుకని వెనక కొత్త బొత్తాలు పెట్టించాడు. ఎన్నడూ చెవి వెనక్కి తిప్పి చూడనివాళ్ళు చేసే పొరపాటది.

"నువ్వు అంకెలు చూసుకోలేదా?"

"కన్నపిల్లలకి చీటీ చదివి అన్నం పెడతామా అక్కా?"

రాసిన జప్తు కాగితాన్ని చింపే అధికారం చెవులమ్మకి లేదు. ఆపగలిగింది శాఖ డాక్టరొక్కడే. బొత్తాం రంగు చూపిస్తే ఆయన ఆపడు, ఊడిన బొత్తాం మార్చుకుని ఉండొచ్చంటాడు. సాక్ష్యం కావాలి. జప్తు ఆపమని ఆయనకి ఫోను చేసి, ఆవిడ సైకిలెక్కి బైండింగు కొట్టు దారి పట్టింది.

భర్త చేతులనిండా జిగురుతో తలెత్తాడు. "ఏమిటోయ్, ఇంకా భోజనాల వేళ కాలేదే?"

"ఏడో పుస్తకం ఇవ్వండి. త్వరగా!"

"ఏ పండితుడు అడిగాడు?"

"పండితుడు కాదు, తొమ్మిది ఆవులు. ప్రాణం మీదికొచ్చింది."

ఆయన నిచ్చెనెక్కి పుస్తకం దించి, సైకిలు వెనక తాడుతో రెండు చుట్లు బిగించి కట్టాడు.

చెవులమ్మ తిరిగొచ్చి పని మొదలుపెట్టింది. పాలావిడ ఒక్కో ఆవు తల పట్టుకుంది. ఈవిడ మూతి తుడవడం, సిరా అద్దడం, కాగితం ఒత్తడం. ఎర్రావు సిరా నాకేసి నల్లనాలుకతో ఆవిడ చెంప కూడా నాకింది. ఒక ముద్ర అలికిపోతే మళ్ళీ తీసింది, మళ్ళీ తుడిచింది. తొమ్మిది కాగితాలూ ఆరేసరికి వీధి చివర బండి చప్పుడు వినపడింది.

బండి వెనకే డాక్టరు కారు దిగాడు. వయసులో చిన్నవాడు, హోదాలో పెద్దవాడు. ఇంకో మనిషి కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. పెద్ద షెడ్డాయన.

"కబురు తెలిసి ఆగలేకపోయాను తల్లీ. ఎంత ఘోరం!" అన్నాడు పాలావిడతో, కండువాతో కళ్ళొత్తుకుంటూ.

డాక్టరు చెవులమ్మ చెంప మీది సిరా మరకని వింతగా చూశాడు. "అమ్మా, జప్తు రాసిందీ మీరే, ఆపమని ఫోను చేసిందీ మీరే. నన్నేం చెయ్యమంటారు?"

"పొద్దున చెవి ముందువైపు చూసి రాశాను సార్. తర్వాత వెనకవైపు చూశాను."

"రూలు ముందువైపే చూడమంటుంది."

"రూలు పుస్తకం చివరిదాకా చదవండి. బిళ్ళ మీద అనుమానం వస్తే పాత మూతిముద్రే సాక్ష్యం. నిబంధన ఇంకా బతికే ఉంది. అధికారి కాక ఇంకొకరు పోల్చి చూసి సంతకం పెట్టాలి, అంతే."

డాక్టరు ఫోనులో రూలు వెతికాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. "ఉంది" అన్నాడు ఆశ్చర్యంగా. "కానీ ఆ ఇంకొకరు ఎవరు?"

చెవులమ్మ బండి డ్రైవరు వంక చూసింది. వధకి తీసుకుపోవడానికి వచ్చిన మనిషతను.

"నాకు చదువు రాదమ్మా" అన్నాడతను బెదిరిపోయి.

"చదవక్కర్లేదు. ఇదీ అదీ ఒకటేనా కాదా చెప్పు, చాలు."

పాల క్యాను బోర్లించి దాని మీద పుస్తకం తెరిచారు. నల్లావు పేజీ తీశారు. నాలుగేళ్ళనాటి ముద్ర పక్కన తాజా ముద్ర. డ్రైవరు వంగి వేలితో గీతల వెంట వెళ్ళాడు. "ఇక్కడ చేపముల్లు లాంటి గీత. ఇక్కడా ఉంది. పక్కన మూడు చుక్కలు, ఇక్కడా మూడే. డాక్టరుగారూ, ఇది అదే మూతండీ!" డాక్టరు కూడా వంగాడు. ఆయన కళ్ళజోడు క్యాను మీద పడింది. తీసి పెట్టుకుని చూశాడు. "అదే" అన్నాడు.

రెండోది కలిసింది. మూడు, నాలుగు, ఐదు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలో చేరి ఒక్కోదానికీ లెక్క పెడుతున్నారు. ఆరు. ఏడు. ఎనిమిదో ఆవు పేజీ లేదు.

చెవులమ్మ ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. ఏడోదాని తర్వాత తొమ్మిదోది వస్తోంది. పాలావిడ ఎనిమిదో ఆవు మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"తప్పు పుస్తకమేమో చెల్లెమ్మా" అన్నాడు పెద్ద షెడ్డాయన మెత్తగా. "వయసు మీద పడుతోంది కదా, పాపం."

"నాకున్న అన్నలు చాలు, మీరు కాస్త ఆగండి" అంది చెవులమ్మ. ఏడో పేజీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూసింది. దళసరిగా ఉంది. రెండు కాగితాలు అంటుకుపోయాయి. మొగుడి జిగురు! పండితుల పుస్తకాలకి ఎప్పుడైనా ఇలా పూశాడా ఈ మనిషి? డ్రైవరు జేబులోంచి సన్నటి బ్లేడు తీసి ఇచ్చాడు. ఆవిడ అంచు వెంట మెల్లగా నడిపించింది. కాగితం ఫట్‌మని విడిపోయింది. ఎనిమిదోది.

"అదే మూతి!" అని డ్రైవరు అరిచాడు. గుమ్మంలో జనమంతా ఒక్కసారిగా "ఎనిమిది!" అన్నారు. తొమ్మిదోదానికి ఇక ఎవరూ ఆగలేదు. కాగితం పక్కన పెట్టీ పెట్టకముందే కేకలు మొదలయ్యాయి. డ్రైవరు సంతకం రాక బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాడు. తొమ్మిది మూతిముద్రల కింద ఒక వేలిముద్ర.

డాక్టరు జప్తు కాగితం మీద రద్దు అని రాశాడు. రాసి, పుస్తకంలో ముద్రల కింద ఉన్న అసలు బిళ్ళల అంకెలు కట్టడి గీత దగ్గరి చెక్‌పోస్టుకి ఫోనులో చదివాడు. అవతలివాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పారు. ఆ తొమ్మిది బిళ్ళలూ ఉన్న లారీ వాళ్ళ ముందే ఆగి ఉంది. ఆవులకి నోట్లోంచి చొంగ కారుతోంది. కాసేపైతే గేటు దాటి ఆరు సంతలకి జబ్బు మోసుకుపోయేది. రవాణా కాగితం మీద సంతకం ఎవరిదో కూడా చెప్పారు.

జనం గోడ వైపు తిరిగారు. పెద్ద షెడ్డాయన కండువా సర్దుకుంటూ రెండడుగులు వేశాడు. గుమ్మంలో దారి లేదు. నలభై గడపలవాళ్ళు నిలబడి ఉన్నారు, ఒక్కరూ పక్కకి జరగలేదు.

"చెల్లెమ్మా, మనలో మనం కూర్చుని మాట్లాడుకుందాం."

చెవులమ్మ జప్తు పుస్తకంలో కొత్త కాగితం తీసింది. "కూర్చోండి. లారీ నంబరు చెప్పండి, రాసుకుంటాను."

పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు గుమ్మంలో దారి దానంతటదే ఏర్పడింది. తర్వాత వ్యాపారం లైసెన్సు పోయింది, శిక్ష పడింది. ఏటి ఇవతల ఒక్క కొట్టానికి కూడా గాలికుంటు సోకలేదు. నెల తిరిగేసరికి శాఖ ఆఫీసులన్నిటికీ ఉత్తర్వు వెళ్ళింది, బిళ్ళతోపాటు మూతిముద్ర కూడా తీయాలని. బైండింగు కొట్టాయన దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించాడు. జిగురు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం డాక్టరు తొమ్మిది ఆవులకీ రక్తం తీసి, పది రోజులు కొట్టం దాటనివ్వొద్దని పాలావిడకి చెప్పి వెళ్ళాడు. చెవులమ్మ మిగిలిపోయింది. పాత కన్నాల్లోనే కొత్త బిళ్ళలు గుచ్చింది, బొత్తాంతో సహా. నల్లదానికి గుచ్చేటప్పుడు అది మళ్ళీ ఆవిడ చీర తడిపింది. వాకిట్లో జనం పగలబడి నవ్వారు.

"ఉండక్కా, కాసిని వేడిపాలు తాగి వెళ్ళు. పొద్దున్నుంచీ నీ నోట్లో మంచినీళ్ళు కూడా పడలేదు. నీకో మాట కూడా చెప్పాలి" అని పాలావిడ లోపలికి పరిగెత్తింది.

చెవులమ్మకి ఆ మాట ఏమిటో తెలుసు, ఆవుల్ని బతికించావనే మాట. పొద్దున తన చెయ్యి రాసిన తొమ్మిది అంకెలు ఇంకా వేళ్ళలో సలుపుతూనే ఉన్నాయి. బిళ్ళలు గుచ్చే పటకారు తుడిచి సంచిలో వేసుకుంది. గుమ్మం దగ్గర డాక్టరు పెట్టించిన, క్రిములు చంపే మందునీళ్ళ తొట్టిలో రెండు చెప్పులూ ముంచింది. లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆవిడ సైకిలు స్టాండు చప్పుడు కాకుండా తీసి, వెనకసందు గుండా తొక్కుకుంటూ పక్కవీధి కొట్టానికి వెళ్ళిపోయింది. అక్కడ ఇంకా పదకొండు చెవులు చూడాల్సి ఉంది.