బావ చేసిన ఆవిరి ఇంజన్, కోతల పండుగ ప్రార్థన

మా కోడలు కుక్కరు పెట్టాక విజిల్ రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, నేను వెళ్లి స్టవ్ కట్టేస్తాను. మొన్న ఆదివారం కూడా అదే పని చేస్తే పప్పు ఉడకలేదు. కోడలు నవ్వి ఊరుకుంది గానీ, మా అబ్బాయి మాత్రం రిటైరయ్యాక మీకు చాదస్తం ముదిరింది నాన్నా అన్నాడు. ముదిరిన మాట నిజమే. అది ఎక్కడ మొదలైందో వాడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, రైల్వే షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక అరకు దగ్గర అక్క తరఫు కాఫీ తోట ఉన్న ఊళ్లో స్థిరపడ్డాడు. తోట అక్క చూసుకునేది. బావకు కాఫీ మొక్కకీ మిరియం తీగకీ తేడా ఈనాటికీ సరిగ్గా తెలియదని నా అనుమానం. గింజలు ఆరబోసుకునే గదిని ఆయన ఆక్రమించి, విశాఖలో మూతపడిన ఓ షెడ్డు నుంచి పాత లేత్ మిషను కొని, జీపులో ఘాట్ రోడ్డెక్కించి తెచ్చి అందులో పెట్టాడు. సాయంత్రమైతే వోల్టేజి పడిపోయి మిషను మూలిగేది. అందుకని పొద్దున్న అంబలి తాగగానే పని మొదలుపెట్టేవాడు. ఆ గదిలోకి వెళితే నూనె వాసన, ఇత్తడి రజను వాసన, మూల బస్తాల్లోంచి కాఫీ గింజల పచ్చి వాసన కలిసి కొట్టేవి. అక్కడ మూడేళ్లు కూర్చుని ఆయన చేసింది ఓ ఆవిరి ఇంజన్. మొత్తం పీట మీద పట్టేస్తుంది. పాత గీజరు రాగితో బాయిలరు, కరిగించిన ఇత్తడి కుళాయిలతో సిలిండరు. పిస్టన్లు నాలుగు పాడయ్యాయి. వాటిలో ఒకదానితో అక్క ఇప్పటికీ అల్లం దంచుకుంటుంది.

అప్పట్లో నేను పెదబయలు బడిలో తెలుగు మేష్టరుగా ఆఖరి ఏడాది చేస్తున్నాను. సెలవు దొరికితే అక్కడికి వెళ్లిపోయేవాడిని. నాకు గోడకు మేకు కొట్టడం కూడా రాదు. అయినా బావ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆకురాయి అందించమనేవాడు, వెలుగు పట్టమనేవాడు. పద్యాలు చెప్పి బతికిన నాకు ఆ పని ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

అదే ఊళ్లోని మా చర్చిలో ఏటా కోతలయ్యాక పండుగ చేస్తారు. ఎవరు పండించిన దాంట్లోంచి వాళ్లు మొదటి పంట తెచ్చి బల్ల మీద పెడతారు. పాస్టరు గారు దాని మీద ప్రార్థన చేసేదాకా ఆ పంట ఎవరూ నోట పెట్టరు. బావ ఏటా సంతలో గుమ్మడికాయ కొని తెచ్చి పెట్టేవాడు. ఆ గుమ్మడికాయ గురించి అక్క అన్న మాటలు రాస్తే బావ నాతో మాట్లాడడం మానేస్తాడు. ఆ ఏడు మాత్రం తన చేతి పంట ఇంజనే అన్నాడు. మొదటి పంట కాబట్టి ప్రార్థన కాకుండా దానికి ఆవిరి వదలనన్నాడు. అప్పటిదాకా సైకిలు పంపు గాలితోనే చక్రం తిప్పి చూసుకున్నాడు. పండుగ ముందురోజు బాయిలరు ఒక్కదాన్నీ బొగ్గులతో మండించాడు. ఆవిరి బలం చూపే గేజిలో ముల్లు మూడు దగ్గర, మనవరాలి గోళ్ల రంగుతో పెట్టిన ఎర్ర గీత దాకా వచ్చింది. వెంటనే పైనున్న వాల్వు బుస్సుమని ఆవిరి కక్కింది. బావ సంతోషంగా తల ఊపి, నిప్పు తీసేసి, బల్ల సర్దడానికి చర్చికి వెళ్లాడు. నన్ను ఇంజన్ తుడిచిపెట్టమన్నాడు.

నేను తుడిచాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ వాల్వు కారుతోందని నా బుర్రకు తోచింది. రేపు అందరి ముందూ ఇలా బుసకొడితే బావ పరువేం కావాలి? పట్టకారుతో దాని నెత్తిమీది మర రెండు చుట్లు బిగించాను. ఇంకో చుట్టు కూడా వేశాను. బావకు చెప్పలేదు. మేలు చేసి చెప్పుకోకూడదనే పెద్దమనిషితనం కూడా అప్పుడు నాలో పొంగింది.

మర్నాడు చర్చి ముందు పందిట్లో బల్ల మీద రాగులు, సామలు, రాజ్మా, పసుపు కొమ్ములు, అరటి గెల, నడుమ మా ఇంజన్. బల్ల కాలికి ఎవరిదో నాటుకోడి కట్టి ఉంది. ముందు వరసలో, ఇంజనుకు బారెడు దూరంలో, సండే స్కూలు పిల్లలు చాప మీద కూర్చున్నారు. బావ నిప్పు రాజేసి, ప్రార్థన అయ్యేసరికి ఆవిరి సిద్ధమవుతుందని లెక్క కట్టాడు. కొండ దిగి వచ్చిన రైతులకు ఒక్కో భాగం చూపిస్తూ వాల్వు మీద వేలు పెట్టాడు. “లోపల బలం ఎక్కువైతే ఇదే తెరుసుకుంటాది. ఇదుండగా మనం గేజి సూడక్కర్నేదు. ఇది నేకపోతే మాత్రం బాంబే.”

నేను బిగించింది దాన్నే. నేను నోరు తెరిచేలోగా పాస్టరు గారు చేతులెత్తి ప్రార్థన చేసుకుందాం అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. బావ కూడా మూసుకున్నాడు.

మా వాళ్లలో ప్రార్థన మధ్యలో మాట్లాడడం ఉండదు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి ఎత్తుకుని పరుగెడుతుంది. నేను సంఘపెద్దను. కళ్లు తెరిచిన పిల్లల్ని చూపులతోనే గదిమినవాణ్ని. ఆ రోజు ఆ పందిట్లో కళ్లు తెరిచి ఉన్నది నేనొక్కణ్నే. పాస్టరు గారు వానల గురించి కృతజ్ఞత చెబుతుండగా ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చింది. వాల్వు పలకలేదు. ఆయన ఇప్పుడే ముగిస్తారులే అనుకున్నాను. ఆయన కాఫీ ధర కోసం ప్రార్థించారు. బడికి లెక్కల మేష్టరు రావాలని ప్రార్థించారు, ముల్లు నాలుగు దాటింది. బస్సు వేళకు రావాలని, ఘాట్ రోడ్డు మీద డ్రైవర్లకు మెలకువ ఇమ్మని ప్రార్థించారు. ఆమెన్ అనగానే చెబుతాను అనుకుంటూనే ఉన్నాను. ఆయన ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే అందుకున్నారు. ముల్లు అయిదు మీద ఉంది. బాయిలరు నుంచి సన్నగా మోత మొదలైంది. చాప మీది పిల్లల్లో ఓ చిన్న గుంట ఒంటి కన్ను తెరిచి ఇంజన్ వైపు చూసి, నన్ను చూసి, భయపడి మళ్లీ మూసేసుకుంది.

“బావా, వాల్వు నేను బిగించీసాను.”

ప్రార్థన ఆగింది. బావ కళ్లు తెరిచి గేజి వైపు చూశాడు. “పిల్లలూ, లెగండి. బేగి ఎనక్కెల్లిపోండి” అన్నాడు, మామూలు గొంతుతోనే. వాళ్లు లేచీ లేవకముందే బాయిలరు కింది నిప్పుల పళ్లెం ఉత్త చేత్తో లాగి నేల మీద పడేశాడు. రెండో చేత్తో ఇంజన్ ఈలకున్న కుళాయి తిప్పి ఆవిరి వదిలాడు. ఆ ఈల కొండకు తగిలి తిరిగి వచ్చింది. కోడి బల్ల కింద గింజుకుంది. ఆవిరిలో బావ ముఖం కనిపించలేదు. ఈల అలా మోగుతూనే ఉంది, ముల్లు దిగుతూ దిగుతూ వచ్చింది. జనం ఇదంతా ప్రదర్శనే అనుకుని చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు సర్దుకుని ఆమెన్ అన్నారు. మిగిలిన ఆవిరితో బావ ఇంజన్ తిప్పి చూపించాడు కూడా. అందరూ ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. ఆయన ఎడమ చెయ్యి మాత్రం బల్ల వెనక నీళ్ల బకెట్టులో ఉంది.

సాయంత్రం అక్క ఆ వేళ్లకు కలబంద గుజ్జు రాస్తూ నన్ను కడిగేసింది. “నీకు పద్యాలు సాలవేట్రా, మరలెందుకు?” అంది. బావ అడ్డం వచ్చాడు. తెలీక చేశాడని, వాల్వు గురించి ముందే చెప్పకపోవడం తన తప్పేనని అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

“ముల్లు గీత దాటడం నువ్వెప్పుడు సూసావు?”

“అప్పుడే బావా. సూడగానే సెప్పీసాను.”

ఆయన తల ఊపాడు. మూడు వేళ్లకు చర్మం ఊడి మళ్లీ వచ్చింది, చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఆ వేలితోనే రెండో ఇంజన్ చేశాడు, దానికి రెండు వాల్వులు పెట్టాడు. దాన్ని చూడడానికి ఎవరొచ్చినా మొదట నన్ను చూపిస్తాడు. మా బావమరిది సంఘపెద్ద అయ్యుండి ప్రార్థన ఆపి మరీ పిల్లల్ని కాపాడాడని చెబుతాడు. నేను పక్కనే నిలబడి వింటాను. ఇది జరిగి తొమ్మిదేళ్లయింది. వానల దగ్గర్నుంచి ఆసుపత్రుల దాకా, ఆ పిల్లల ముఖాలు చూస్తూ కూడా నోరు మూసుకుని నేను నిలబడిన ఆ నిమిషాలు, ఈ తొమ్మిదేళ్లలో ఒక్కటీ తరగలేదు.