చంద్రుడికి తగిలిన దెబ్బ

“నాయనా, ఓ పక్క ముక్క ఊడిపోయిండాది, వచ్చి సూడు!” అని మిద్దె మీద నుంచి అరుస్తూనే ఉన్నాను. అప్పుడు నాకు ఏడేళ్లు. మనవాళ్లు రాకెట్టులో పంపిన పెట్టె చంద్రుణ్ణి గుద్దుకుందని టీవీలో చెప్పిన రోజు నుంచి ఆయన అరిగిపోతూనే ఉన్నాడు. మా మింజూరులో ఎవరికీ పట్టలేదు.

“పున్నమి పోయింది గదా పాపా, తగ్గి మళ్లా పెరుగుతాడులే,” అన్నాడు నాయన.

“మందు ఎయ్యకుండా యెట్ల మానుతాది?”

“అయితే నువ్వే పొయ్యి ఎయ్యి, డాక్టరమ్మా!” అని అక్క నవ్వింది.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న పనికి పోయే ఫ్యాక్టరీ బస్సులోంచి పొద్దుటి చంద్రుణ్ణి చూస్తే నాకూ నవ్వొచ్చింది. ఏడేళ్లప్పటి ఆ రాత్రి మాత్రం పంతం పట్టి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి ఆయన పడమట ఇంకా ఉన్నాడు. పసుపు తడిపి తెచ్చి, ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, విరిగిన వైపంతా వేలితో మెల్లగా అద్దాను.