నిద్ర పరీక్షకు ఆముదం తల

ఆ రోజుల్లో దోహాలో ఎటు చూసినా ప్రపంచకప్పు హడావుడే. ఊరంతా స్టేడియాలు లేపుతుంటే నేను మాత్రం ఒక నిద్ర పరిశోధనశాలలో మనుషుల్ని పడుకోబెట్టే ఉద్యోగంలో చేరాను. ("దుబాయ్‌ల పండవెడితే గూడ జీతమిస్తరా?" అని, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా మేనత్త ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.) తలకు తీగలు అతికించి, నిద్రలో మెదడు కణాలు ఎలా లయ కలుపుతాయో తెరమీద గీతలుగా రాబట్టాలి. మొదటి రికార్డు సరిగ్గా వస్తేనే కొలువు, లేకపోతే తిరుగు విమానమేనని ఆ ల్యాబు నడిపే డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

ల్యాబు నడిచేది పగటిపూటే కాబట్టి, పగలు నిద్రపోయే మనిషి కావాలి. స్టేడియంలో నైట్ డ్యూటీ చేసే మా బావ (ఆ మేనత్త కొడుకే) గుర్తొచ్చాడు. "నిద్ర మంచిగ పట్టాలె బావా, నా నౌకరి నీ చేతుల ఉన్నది" అని బతిమాలానే గానీ, తల శుభ్రంగా ఉండాలని చెప్పడం మరిచాను. బావ మాటంటే మాటే. మాడు నిండా ఆముదం మర్దన చేసుకుని, అది చెంపల మీదికి కారుతుండగా దిగాడు. "చలువ చేస్తదని పెట్టిన. నీ కోసమే."

అతికించిన తీగ అతికించినట్టే జారిపోయింది. తెరమీద బావ మెదడు కోడి కెలికినట్టుంది. షాంపూతో రుద్దాను, ఆముదం కదిలితేనా! చివరికి క్యాంటీన్ వంటాయన దగ్గర శనగపిండి అడుక్కొచ్చి, సింకు దగ్గరే బావకు తలంటు పోశాను. అప్పుడే తలుపు తీసిన డాక్టరమ్మ గడియారం చూసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. (అదే ఎక్కువ భయపెట్టింది.)

తలంటు పోసుకున్నవాణ్ణి నిద్ర వదులుతుందా? తీగలు అంటుకున్నాయో లేదో, బావ గురక మొదలుపెట్టాడు. తెరమీద పెద్ద అల నిదానంగా లేచింది. దాని వీపు మీద చిన్న చిన్న వేగపు అలలు, మెదడు ఈ కొసనా ఆ కొసనా ఒకే లయలో. వేల కణాలు ఒకదాని తాళం ఒకటి అందుకుంటున్నాయని డాక్టరమ్మ వంగి చూపించింది. దూలం మోసేవాళ్లు ఐలేసా అన్నట్టే ఉంది నాకు. "నీ ఉద్యోగం ఖాయం. రికార్డు చాలు, ఇక ఆయన్ని లేపు" అంది.

కార్మికుల క్యాంపు గదిలో పదిమంది ఫోన్ల మోత మధ్య ముక్కలు ముక్కలుగా పడుకునే మనిషి. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నాకు చెయ్యి రాలేదు. "ఇంకాస్త రానిద్దాం మేడమ్, గీతలు బాగున్నాయి" అని, డ్యూటీ బస్సు వేళదాకా లేపనేలేదు.

ఇప్పుడు నా కింద కుర్రాళ్లున్నారు. టైం కాగానే లేపెయ్యమని వాళ్లకు నేనే చెబుతుంటాను. బావను లేపని ఆనాటి నాలోని పిల్లగాడే గనక ఇవాళ ఎదురైతే, "జర ఆగు సార్, పండుకోనీ" అని నన్నే కసురుకునేవాడు.